మంచులో బండి: శీనుగాడికి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

మాంట్రియల్‌లో ఉద్యోగం ఖాయమైందట, మీ అమ్మగారు చెబితే తెలిసింది. నాకు ముందే చెప్పనందుకు తిట్లు నువ్వొచ్చాక. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపినవాణ్ణి, ఇక్కడి రోడ్లు ఒక లెక్కా అనుకుంటున్నావేమో. మంచు పడేదాకా నిజంగానే లెక్క కాదు.

కారు కొనబోతే మనవాళ్లంతా "ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో, ఇంక భయం లేదు" అంటారు. నమ్మకు. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ అందుతుంది కాబట్టి దానితో బండి కదలడం తేలికవుతుంది, ఆగడం కాదు. ఆపేది టైరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందకి వెళ్తే గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. అందుకే మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. డబ్బులు మిగిలితే పెద్ద ఎస్‌యూవీకి కాదు, మంచి టైర్లకి పెట్టు.

తొలి మంచు పడగానే నిన్ను ఓ ఖాళీ పార్కింగ్‌ స్థలానికి తీసుకెళ్తా. కావాలనే గట్టిగా బ్రేక్ తొక్కిస్తా. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తుంటే పెడల్ కాలికింద గడగడలాడుతుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందని కాలు తీసేస్తారు. తియ్యకూడదు, అలాగే నొక్కి పట్టాలి. ముందు చక్రాలు జారితే చెయ్యి ఊరుకోదు, స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పేస్తుంది. దానివల్ల లాభం లేదురా. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కాస్త వెనక్కి సడలిస్తే టైరుకి మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక భాగం జారితే మాత్రం నువ్వు వెళ్లాల్సిన వైపే చూస్తూ అటే తిప్పాలి. కరెంటు స్తంభం వైపు చూస్తే బండీ అటే పోతుంది!

మైనస్ 20 అంటే నీకు టెన్షన్ గానీ, నన్నడిగితే సున్నా దగ్గర ఊగిసలాడే రోజులే దొంగవి. మంచుగడ్డ మీద సన్నటి నీటిపొర ఉంటుంది, బాగా గడ్డకట్టిన మంచు కంటే అదే ఎక్కువ జారుతుంది. రోడ్డు ఊరికే తడిసినట్టు నల్లగా కనిపిస్తుందంతే. వంతెనల మీద ఇంకా జాగ్రత్త. కింద నుంచీ చలిగాలి తగిలి అవి రోడ్డుకన్నా ముందే గడ్డకడతాయి. నువ్వు నది అవతల బ్రోసార్‌లో ఇల్లు తీసుకుంటే రోజూ శాంప్లేన్ వంతెన దాటాల్సిందే.

ముందు బండికీ నీకూ మధ్య ఎనిమిది, పది సెకన్ల ఎడం ఉంచు. మన దగ్గర ఆ సందులో మూడు ఆటోలు దూరతాయి, తెలుసు. ఇక్కడా ఒకడు దూరతాడు. దూరనీ, నువ్వు ఇంకాస్త వెనక్కి తగ్గు. వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ జోలికి పోకు.

టికెట్ తీసుకోగానే తేదీ రాయి. నవంబర్ చివర టైర్లు మార్పించుకోవడానికి అందరూ ఎగబడతారు, ముందే చెబితే నా బండితో పాటు నీదానికీ అపాయింట్‌మెంట్ పెట్టేస్తా.

నీ,
రాజు