గబ్బిలాల నడకకు ఒక్క సాయంత్రం ఇవ్వండి

పార్కుల విభాగం అధికారి గారికి,

నమస్కారం. పిల్లాపెద్దలకు గబ్బిలాలను చూపించే సాయంత్రపు నడక కోసం మేము పెట్టుకున్న అర్జీ ‘భద్రత’ అన్న ఒక్క మాటతో వెనక్కి వచ్చింది. అందుకే ఇలా అందరి ముందూ అడుగుతున్నాను.

మీరే ఒకసారి రండి. పొద్దు గుంకిన కాసేపటికి చెట్టు తొర్రలోంచి గబ్బిలం జారిపడినట్టే కిందికి దూకి, నేలను తాకకముందే రెక్క విప్పుతుంది. ఆ రెక్క నిజానికి చెయ్యే. బాగా సాగిన వేళ్లు, వాటి మధ్య పలుచని చర్మం. పురుగులను వేటాడే గబ్బిలాల కూతలు చాలావరకు 20 కిలోహెర్ట్జ్ దాటి ఉంటాయి కాబట్టి మన చెవికి అందవు. ఆ కూతలను మనకు వినపడే చప్పుళ్లుగా మార్చే డిటెక్టర్ పెడితే మాత్రం టక్, టక్, టక్... పురుగు దగ్గరపడగానే ఆ చప్పుళ్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ బర్రుమంటాయి. అప్పుడు చూడాలి పిల్లల ముఖాలు!

ఇక భద్రత అంటారా? గబ్బిలాన్ని ముట్టుకోం, నేలమీద పడి ఉన్నా సరే. రేబిస్ భయం ఉత్తది కాదని మాకూ తెలుసు. గూళ్ల మీదికి టార్చీ వెయ్యం. జుట్టులో చిక్కుకుంటాయన్న భయానికి మాత్రం ఈ నడకే మందు.

ఆ ఒక్కరోజు గేటు గంటసేపు ఆలస్యంగా మూయించండి, నీటి పక్కన ఫ్లడ్‌లైట్లు ఆర్పించండి. తేదీ మీ ఇష్టం, వాన లేకుంటే చాలు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి