జాబితాలో లేని ఏడో పేరు: కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను ముంబయి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో ఇరవై ఆరేళ్లు అర్థశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగింటి అధ్యాపకురాలిని. మా తాతగారు కరీంనగర్ ప్రాంతం నుంచి ఈ నగరానికి మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషన్ చట్టంలోని సెక్షన్ 2(సి) కింద యూదులను కూడా అల్పసంఖ్యాక వర్గంగా ప్రకటించవలసిందని మిమ్మల్ని అభ్యర్థించడానికే ఈ లేఖ రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి వేరే కారణం ఉంది, అది లేఖ చివరికి వచ్చేసరికి మీకు తెలుస్తుంది.

మా తెలుగువారిలో చాలామందికి యూదులంటే బైబిలులో కనిపించేవారు, లేదంటే విదేశీ వార్తల్లో వినిపించేవారు. ముంబయిలో చదువుకున్నవారికి మాత్రం వారు తరగతిలో పక్క బెంచీవారు. కొంకణ తీరంలో తరతరాలుగా గానుగాడించి బతికిన బెనె ఇజ్రాయెల్ అనే యూదు కుటుంబాలను ఊళ్లో జనం ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు, అంటే శనివారం గానుగ కట్టని నూనెవారు అని. మనకు ఊరిపేరే ఇంటిపేరైనట్లు, వారిలోనూ కిహీం ఊరివారు కెహిమ్‌కర్లు, దివే ఊరివారు దివేకర్లు అయ్యారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ. నగరంలో మొదటి సినగాగ్‌ను, అంటే యూదుల ప్రార్థనాలయాన్ని, 1796లో మాండవిలో కట్టించినది వారిలోని శామ్యూల్ ఎజెకియల్ దివేకరే.

1857లో విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ చిన్న సమాజం చదువును గట్టిగా పట్టుకుంది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివి, లండన్ వెళ్లి వచ్చి, కామా ఆసుపత్రిని ఏళ్ల తరబడి నడిపించి, 1966లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ జెరూషా ఝిరాద్ ఈ ఇళ్ల అమ్మాయే. భారతీయ ఆంగ్ల కవిత్వానికి కొత్త గొంతునిచ్చిన నిస్సిమ్ ఎజెకియల్ ఇదే విశ్వవిద్యాలయంలో చదివి ఇక్కడే పాఠం చెప్పారు. 1951లో దేశంలో ఇరవై వేలకు పైగా ఉన్న యూదులు, అధికభాగం ఇజ్రాయెల్‌కు తరలిపోగా, 2011 జనగణన నాటికి ఐదు వేల లోపు మిగిలారు. అందులో ఎక్కువమంది ముంబయి, ఠాణే పరిసరాల్లోనే ఉన్నారు.

ఐదు వేల లోపు అనే అంకె కాగితం మీద ఒకలా ఉంటుంది, శుక్రవారం సాయంత్రం మరొకలా ఉంటుంది. నా దగ్గర బీఏ చదివిన ఒక ఠాణే అబ్బాయి రాజాబాయి టవర్ భవనంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునేవాడు. పొద్దుగూకక ముందే దగ్గర్లోని కాలా ఘోడా సినగాగ్ నుంచి ఫోను వచ్చేది, ‘తొమ్మిదిమంది అయ్యాం, వస్తావా’ అని. యూదుల సామూహిక ప్రార్థనకు పదమూడేళ్లు దాటిన పురుషులు పదిమంది ఉండాలి, ఒక్కరు తగ్గినా కొన్ని ప్రార్థనలు చదవరు. పిల్లవాడు పుస్తకం మూసి, వీధి దాటి, 1884లో కట్టిన ఆ నీలిరంగు కెనెసెత్ ఎలియాహూ సినగాగ్‌కు పరుగున వెళ్లేవాడు. 2008 నవంబరులో కొలాబాలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగినప్పటి నుంచి ఈ సినగాగ్ దగ్గర కూడా పోలీసు కాపలా ఉంటుంది గనుక, గేటు దగ్గర గుర్తింపు కార్డు తీసి చూపించి లోపలికి పోవాలి. వందల మంది విద్యార్థుల్లో ఒకడిగా కలిసిపోయే వయసులో ఆ పిల్లవాడు ప్రతి వారమూ ఒక సమాజానికి పదో మనిషి అయ్యేవాడు. ఆ బరువు ఎంతటిదో నేను ఒకసారి అతిథిగా వెళ్లి చూశాకే అర్థమైంది.

ఐదో సెమిస్టరులో ఒక పేపరు శనివారం పడింది. సబ్బాతు నాడు, అంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం రాత్రి దాకా పాటించే యూదుల విశ్రాంతి దినాన, చేయకూడని ముప్పైతొమ్మిది పనుల్లో రాయడం ఒకటి. నడిచి వచ్చి పరీక్ష హాలులో కూర్చోవచ్చు, కలం మాత్రం పట్టకూడదు. అతను ముందుగానే దరఖాస్తు పెట్టాడు. మా ఆఫీసులో దాన్ని చదివినవారు చెడ్డవారు కారు, తోవ తెలియక జబ్బు సర్టిఫికెట్ తెచ్చుకొమ్మని సలహా ఇచ్చారు. దేవుడి కోసం సెలవు అడుగుతూ అబద్ధం ఎలా రాయించను మేడమ్ అని అతను నాతో అన్నాడు. ఆ శనివారం ఆ హాలులో ఇన్విజిలేటర్‌ని నేనే. అతని నంబరు వేసిన బెంచీ మీద ప్రశ్నపత్రం అరగంట అలాగే ఉంది, తరవాత దాన్ని తీసి హాజరు పట్టీలో అతని నంబరుకు ఎదురుగా ఎర్ర సిరాతో ‘గైర్హాజరు’ అని నా చేత్తోనే రాశాను. తప్పిన పేపరును తరవాత రాసుకోనిచ్చే ఏటీకేటీ కింద మళ్లీ రాసి మంచి మార్కులతోనే గట్టెక్కాడు గానీ, ఆ ఎర్ర అక్షరాలు రాసినందుకు నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. దీనికోసం కొత్త చట్టం చేయమని నేను అడగడం లేదు. ఇలాంటి విద్యార్థి తన మొర చెప్పుకోవడానికి జాతీయ కమిషన్ తలుపు తట్టగలగాలి, అతను అక్కడ ఎవరో గుర్తించడానికి చట్టంలో అతని వర్గం పేరు ఉండాలి.

ఆ పేరు లేకపోవడం ఎలా ఉంటుందో కూడా అతని పక్కన కూర్చునే చూశాను. కేంద్రం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయిద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మతం అన్నచోట నొక్కితే ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ అని ఆరు పేర్లు వచ్చాయి. అతను పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చూసి, మౌనంగా కంప్యూటర్ కట్టేశాడు. దేశంలో పార్సీల కన్నా పదింతలు తక్కువ ఉన్న వర్గం అల్పసంఖ్యాకం కాకపోతే మరేమిటని అతను నన్ను అడగలేదు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

రాష్ట్రాలు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టాయి. పశ్చిమ బెంగాల్ ముందు చేసింది, 2016లో మహారాష్ట్ర, 2018లో గుజరాత్ యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. కానీ ఆ హోదా ఆ రాష్ట్ర పొలిమేర దాటదు. ముంబయిలో మైనారిటీ అయిన విద్యార్థి ఎంఏకి హైదరాబాదు వెళితే అక్కడ మామూలు ‘ఇతరులు’. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ ఇచ్చే విద్యారుణాలైనా, కమిషన్ రక్షణ అయినా కేంద్ర ప్రకటన ఉన్న వర్గాలకే వర్తిస్తాయి. జైనుల విషయంలోనూ ఇలాగే జరిగింది: అనేక రాష్ట్రాలు ముందుగా గుర్తించాయి, 1993లో ఐదు వర్గాలతో వెలువడిన కేంద్ర జాబితాలో వారి పేరు 2014 జనవరిలో చేరింది. దానికి పార్లమెంటులో చట్టసవరణ అక్కర్లేకపోయింది, ఒక గెజిట్ నోటిఫికేషన్ సరిపోయింది. యూదులకూ అదే చాలు.

ఇక తెలుగులో ఎందుకు రాశానంటే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిం అని తమను తాము పిలుచుకుంటారు, ఊళ్లో చిన్న సినగాగ్ ఉంది, మాదిగ కుటుంబాలవారు. వారి మూలాల గురించి పండితులకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, నేను ఆ చర్చలోకి వెళ్లను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. అంటే ఆ ఊరి పిల్ల రేపు గుంటూరులోనో విజయవాడలోనో కళాశాల దరఖాస్తులో తాను యూదురాలినని నిజం రాస్తే, చట్టం ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, దాని బదులు మైనారిటీ హోదా రాదు. రెండు జాబితాల మధ్య ఆ పిల్ల ఎక్కడా కనబడదు. ముంబయి పిల్లవాడికి కనీసం రాష్ట్రం వేసిన గొడుగు ఒకటుంది. ఈ పిల్లకు అదీ లేదు.

ఖజానాకు ఇది భారం కాదు. ఐదు వేల మందిలో చదువుకునే పిల్లలు ఎందరుంటారో, వారిలో ఆదాయ పరిమితికి లోబడి స్కాలర్‌షిప్‌కు అర్హులయ్యేవారు ఎందరుంటారో మీ శాఖ అధికారులు ఒక్క పూటలో లెక్క వేయగలరు.

మా విద్యార్థి ఇంట్లో, అతను డిగ్రీ పూర్తి చేసినప్పుడు, ఠాణేలో మలీదా పెట్టారు. ఏలియా ప్రవక్తకు మొక్కు చెల్లించుకునే వేడుక అది. తడిపిన అటుకుల్లో బెల్లం, కొబ్బరి కోరు, ఏలకుల పొడి కలిపి, చుట్టూ పండ్లు పేర్చి, హీబ్రూలో ప్రార్థన చదివి, మరాఠీలో కబుర్లు చెప్పుకుంటూ పంచిపెట్టారు. వాళ్లమ్మ నా చేతిలో పళ్లెం పెట్టి, ‘వీణ్ణి పై చదువుకు పంపాలా వద్దా, మీరే చెప్పండి’ అని అడిగారు. పంపమనే చెప్పాను.

వచ్చే విద్యా సంవత్సరపు స్కాలర్‌షిప్ దరఖాస్తులు తెరవకముందే ఆ నోటిఫికేషన్ వెలువడేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు, ముంబయి