అక్షరాలా లక్ష కోట్లు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెక్కుల మీద ఇంగ్లీషు మాటల్లో రాసిన మొత్తాన్ని అంకెల్లోకి మార్చే ప్రోగ్రామ్ నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషించాను. చిన్న పనేలే అని మాత్రం తీసిపారేయకురా.

'త్రీ లాక్ ట్వెల్వ్ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ అండ్ సిక్స్' తీసుకో. రెండు లెక్కలు పెట్టుకో, ఒకటి చిల్లర, ఒకటి మొత్తం. త్రీ రాగానే చిల్లర 3. లాక్ రాగానే దాన్ని లక్షతో గుణించి మొత్తంలో వేసి, చిల్లరని సున్నా చెయ్యి. ట్వెల్వ్ థౌజండ్‌కీ అంతే. హండ్రెడ్ దగ్గర మాత్రం చిల్లరని గుణించి అక్కడే ఉంచాలి, మొత్తంలోకి పంపకూడదు. 'ఫోర్ హండ్రెడ్ థౌజండ్' అని వస్తే ఆ 400ని మళ్ళీ వెయ్యితో గుణించాలి కదా! 'అండ్'ని వదిలెయ్. చివర్లో చిల్లర 406 కలిపితే 3,12,406.

అసలు చిక్కు 'వన్ లాక్ క్రోర్' దగ్గర. చెక్కుల్లో రాదనుకో, కానీ రేపు బడ్జెట్ కాగితాలు కూడా నీకే ఇస్తే? లాక్ దగ్గరే చిల్లర ఖాళీ అయిపోయి, క్రోర్ వచ్చేసరికి గుణించడానికి ఏమీ మిగలదు. 1 పక్కన 12 సున్నాలు ఉండాల్సిన చోట 5 సున్నాలతో ఆగిపోతుంది. అందుకే వచ్చిన మాట అంతకు ముందు మొత్తంలోకి చేరిన స్థానం కన్నా పెద్దదైతే, అప్పటిదాకా పోగైనదంతా దానితో గుణించు. 'ట్వెల్వ్ లాక్ ఫిఫ్టీ థౌజండ్ క్రోర్' కూడా సరిగ్గా వచ్చేస్తుంది.

'నైంటీన్ ఎయిటీ ఫోర్'ని ఉన్నదున్నట్టు కూడితే 103 వస్తుంది. తేదీ రాసే చోటైతే అది 1984. చెక్కు మీద అలా కనిపిస్తే లెక్క కట్టనివ్వకు, మనిషికి చూపించు.

తప్పు స్పెల్లింగుల దగ్గరా జాగ్రత్త. ఫార్టీలో 'యు' ఇరికించేవాళ్ళు బోలెడుమంది, దాన్ని ఒప్పుకో, ఇంకో సంఖ్యతో పొరపడే వీలు లేదు. దాదాపు ఒకేలా కనిపించే సిక్స్‌టీ, సిక్స్‌టీన్‌ల మధ్య ఎటూ తేలకుండా రాస్తే మాత్రం ఊహించొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చెక్కులకి వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలూ అక్షరాలూ తేడాగా ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుంది. నీ ప్రోగ్రామ్ చదివేది సరిగ్గా ఆ అక్షరాలనే. అక్కడ ఊహించి వేసిన సున్నా ఎవరో ఒకరి కష్టార్జితం. అంకెల గడిలో ఉన్నదాన్నీ చదివి రెండూ పోల్చు, కలవకపోతే ఆపెయ్.

పేర్లూ ఖాతా నంబర్లూ కొట్టేసి, నిన్ను బాగా ఇబ్బంది పెడుతున్న నమూనాలు కొన్ని పంపు. ఆదివారం కూర్చుని చూసి రాస్తాను.

నీ
రవి