బో నుంచి నాయనకు

లండన్,
ఆదివారం

నాయనా,

ఆరోగ్యం ఎట్లుంది? బీపీ మాత్రలు మానొద్దు. అమ్మ పంపిన చింతకాయ తొక్కు నిన్న చేరింది, సీసా పగల్లేదని చెప్పు.

పోయిన వారం ఫోన్‌లో ఒక మాటన్నావు. "మదనపల్లెలో మా కాలేజీ పెట్టిన అనీ బెసెంటమ్మ అంత చదువుకొని, ఆత్మలు, మహాత్ములు అంటూ ఆ దోవలో పడిపోయిందే" అని. డ్యూటీకి టైమైపోయి అప్పుడు జవాబు చెప్పలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే తూర్పు లండన్‌లో నేనుండే ఈ బో పేటలోనే ఆమె రాసిన అన్నిటికన్నా గొప్ప వార్త పుట్టింది.

మా ఇంటికి కొంచెం దూరంలో ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం ఉంది. ఇప్పుడు ఫ్లాట్లు. 1888లో ఆ చోట బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. బెసెంటమ్మ, హెర్బర్ట్ బరోస్ అనే మిత్రుడు కలిసి అక్కడ పనిచేసే ఆడపిల్లల్నే నేరుగా అడిగారు. జీతమెంత, అద్దెకెంత పోతుంది, ఏం తింటారు? ఒక పదహారేళ్ల పిల్లకు వారానికి 4 షిల్లింగులు. గది అద్దెకు 2 పోతాయి. పొద్దున, మధ్యాహ్నం రొట్టె, వెన్న, టీ. నెలకొకసారి మాత్రం ఒకచోట కాఫీ, జామ్ కడుపునిండా పెడతారని కళ్లు మెరుస్తుండగా చెప్పిందట. ఆ మెరుపును కూడా రాసింది చూడు, అక్కడ నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. కాళ్లు మురికిగా ఉంటే 3 పెన్నీల ఫైన్. అగ్గిపుల్లలకు వాడే భాస్వరంతో దవడ ఎముక కుళ్లే జబ్బు వేరే. వాటాదార్లకేమో నూటికి 23 డివిడెండు!

జూన్ 23న 'ది లింక్' అనే అర పెన్నీ వారపత్రికలో ఇదంతా అచ్చయింది. అది అబద్ధమని సంతకం పెట్టమన్నారు యజమానులు. పిల్లలు పెట్టలేదు. జులైలో సుమారు 1400 మంది పని మానేసి బయటికొచ్చారు. ఆ సమ్మె ఆమె చేయించిందంటారు గానీ, నాకట్లా అనిపించదు. సమ్మె వాళ్లది. వాళ్ల మాట ఊరంతా వినేట్టు చేసింది ఆమె కలం. ఫైన్లు రద్దయ్యాయి.

ఇక ఆత్మల సంగతి. ఆ రోజుల్లో లండన్‌లో చీకటి గదుల్లో బల్లచుట్టూ కూర్చుని చచ్చిపోయినవాళ్లను పిలవడం పెద్దింటివాళ్లకు కూడా అలవాటే. ఈమె కూడా పరీక్షించి చూసింది. జరిగేవి నిజమే గానీ, అవి ఆత్మల పని అనే వివరణ నమ్మలేనని తన ఆత్మకథలో రాసుకుంది. ఆమెను మార్చింది ఒక పుస్తకం. పాల్ మాల్ గెజెట్ పత్రిక ఎడిటర్ స్టెడ్, దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాసిన 'ది సీక్రెట్ డాక్ట్రిన్' రెండు లావు సంపుటాలు ఆమె చేతిలో పెట్టి సమీక్ష రాయమన్నాడు. చదివి, రాసి, ఆ రచయిత్రిని చూడ్డానికి లాన్స్‌డౌన్ రోడ్డుకు వెళ్లింది. తోడెవరనుకున్నావు? అదే బరోస్! 1889 మేలో ఆ దివ్యజ్ఞాన సమాజంలో, అంటే థియోసాఫికల్ సొసైటీలో చేరింది. ఎంతోమంది స్నేహితులు దూరమయ్యారు.

దోవలో పడిపోయింది అన్నావు కదా నాయనా, నేనొప్పుకోను. కంటికి కనబడకుండా దారి చూపుతారని వాళ్లు నమ్మే ఆ మహాత్ముల సంగతి నేనూ నమ్మను. కానీ ఆ నమ్మకం ఆమె చేతిలో కలాన్ని లాక్కోలేదు. 1914లో మద్రాసులో 'కామన్‌వీల్', ఆ తర్వాత 'న్యూ ఇండియా' పత్రికలు నడిపింది. సర్కారు ప్రెస్ యాక్టు కింద 2,000 రూపాయల ధరావతు కట్టించుకుని, దాన్ని జప్తు చేసి, మళ్లీ 10,000 కట్టమంది. కట్టి మరీ నడిపింది. 1917లో నిర్బంధించారు. విడుదలయ్యాక ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షురాలైంది. మీ కాలేజీ 1915లో మొదలైంది, అంటే ఆ పత్రికలు నడుపుతున్న రోజుల్లోనే.

మొన్న సెలవురోజు దక్షిణ లండన్‌లో కోల్బీ రోడ్డు 39వ నంబరు ఇంటికి పోయాను. 1874లో ఆమె ఉన్న ఇల్లు. గోడమీద పలక ఉంది, 'సంఘ సంస్కర్త' అని. మదనపల్లెలో ఆమె దివ్యజ్ఞాని. పత్రికా రచయిత అని రెండు చోట్లా లేదు. ఆ వీధిలో నిలబడి నాకు చాలా కష్టంగా అనిపించింది. పిల్లప్పుడు నీ సైకిల్ వెనక కూర్చుని కాలేజీ గేటు ముందు ఎన్నిసార్లు పోయాను! ఈమె ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

సంక్రాంతికి వస్తున్నా. నీకు తెలిసినవాళ్లు కాలేజీలో ఇంకా ఉన్నారు కదా, లైబ్రరీలో 'న్యూ ఇండియా' పాత సంచికలు ఏమన్నా ఉన్నాయేమో అడిగి పెట్టు. ఇద్దరం కలిసి పోదాం.

అమ్మకు, అవ్వకు నా నమస్కారాలు.

నీ కూతురు