ఆ అప్‌డేట్ నొక్కి ఉంటే...

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో చాలా ఏళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ‘రీస్టార్ట్ చేయండి’ అని తెర మీద కనిపించినప్పుడల్లా, జనం క్యూలో ఉన్నారని ‘తర్వాత’ నొక్కేసేవాణ్ని. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చింది. పొద్దున రెండో కంప్యూటర్ ఆన్ చేస్తే ఎర్రటి పెట్టె: 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టాలట, పక్కనే తరిగిపోతున్న గడువు. ఓ ఇంజినీరింగ్ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు అందులోనే పోయింది. కుర్చీలో కూలబడి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఆ వైరస్ చొరబడిన విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు నేనే వాయిదా వేశాను. అప్పుడు మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లూ చిక్కుకున్నాయి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు (ఇలాంటి లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ఆగింది. మా వీధిలో చాలా షాపులు ఇంకా దానితోనే జనం ఆధార్, బ్యాంకు కాగితాలు స్కాన్ చేస్తున్నాయి. కొత్త మెషిన్ అంటే ఖర్చే, కాదనను. పాతవాటిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే సిస్టమ్ ఉచితంగా వేసుకోవచ్చు. నేను ఇప్పుడు రాత్రి షట్టర్ దించే ముందు అప్‌డేట్ పెట్టే వెళ్తున్నాను. ప్రభుత్వ బడుల ల్యాబుల్లో కంప్యూటర్లనూ అధికారులు ఒకసారి చూడాలని మనవి.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి