ట్రాలీకి బ్రేకులుండవు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. తొమ్మిదో తరగతికి ఏటా గమన నియమాలు పాఠం చెప్తాను. మా పిల్లల్లో చాలామంది తల్లులు తెల్లారకముందే ట్రాక్టర్ ట్రాలీలోనో ఆటోలోనో ఎక్కి కూలికి పోతారు. నాట్లప్పుడు నాట్లకు, తర్వాత పత్తి ఏరడానికి, జనవరి వచ్చిందంటే మిర్చి ఏరడానికి. ఆ ట్రాలీ ప్రయాణం గురించే ఈ ఉత్తరం. రవాణా శాఖా మీదే, ఆర్టీసీ కూడా మీ శాఖ కిందనే ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

2018 సంవత్సరాన్ని మా వైపు ఎవరూ మర్చిపోలేదు. ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిర్చి కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ సాగునీటి కాల్వలో పడింది. తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో ఇంకో ట్రాక్టర్ మూసీ కాల్వలో బోల్తా పడి పదిహేను మంది పోయారు. సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడింది, అరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ప్రతిసారీ డ్రైవర్ నిర్లక్ష్యం అన్నారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. డ్రైవర్ తప్పు చేసి ఉండొచ్చు, దాన్ని నేను కాదనడం లేదు. కానీ మనిషన్నాక తప్పు చేస్తాడు. ఒక క్షణం ఏమరుపాటు పదిహేను చావులుగా మారిందంటే ఆ బండి తయారైన తీరులో, ఎక్కించిన బరువులో, నడిచిన దారిలో ఏదో ఉంది. అదేమిటో చెప్పడానికి కమిటీలు అక్కర్లేదు. న్యూటన్ 1687లో అచ్చు వేయించిన మూడు నియమాలు చాలు.

ముందు బ్రేకుల సంగతి చెప్తాను, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మన ఊళ్లలో తిరిగే వ్యవసాయ ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టర్ వెనక కొక్కేనికి పిన్నుతో తగిలిస్తారు, అంతే. డ్రైవర్ బ్రేకు తొక్కితే ఆగడానికి ప్రయత్నించేది ట్రాక్టర్ ఒక్కటే. ట్రాలీకి ఆ సంగతి తెలియదు. తన వేగంతో తాను ముందుకే పోవాలని చూస్తుంది, జడత్వం అంటే అదే. ట్రాక్టర్ బరువు రెండు టన్నులు అనుకుందాం. వెనక ట్రాలీ, అందులోని మనుషులు, బస్తాలు కలిపి నాలుగు టన్నులు అయిందనుకుందాం. రెండు టన్నుల బండికి పెట్టిన బ్రేకులు ఇప్పుడు ఆరు టన్నులను ఆపాలి. బలం అంతే ఉండి ద్రవ్యరాశి మూడింతలైతే వేగం తగ్గే రేటు మూడో వంతుకు పడిపోతుంది, ఆగడానికి మూడింతల దూరం కావాలి. ఒంటి ట్రాక్టర్‌తో పది మీటర్లలో ఆపగలిగిన డ్రైవర్‌కు ట్రాలీతో ముప్పై మీటర్లు కావాలి. కాల్వ కట్ట మీద మలుపులో అంత జాగా ఎవరిస్తారు?

దిగుడులో ఇంకా ఘోరం. వెనక ట్రాలీ ముందున్న ట్రాక్టర్‌ను నెడుతుంది. ఆ నెట్టుడు సూటిగా ఉండక కొంచెం పక్కకు పడిందంటే ట్రాక్టర్ వెనకభాగం పక్కకు జారిపోతుంది, రెండూ మడత పడతాయి. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసి వదిలే అలవాటు మా వైపు చాలామందికి ఉంది. గేరులో ఉంటే ఇంజనే కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసిన మరుక్షణం ఆ పట్టు కూడా పోతుంది.

ఇంకో విషయం మీరు స్వయంగా చూడాలని కోరుకుంటున్నాను. ఏదైనా ట్రాక్టర్ సీటు మీద కూర్చుని కుడికాలి దగ్గర చూడండి. రెండు బ్రేక్ పెడళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, రెండోది కుడి వెనక చక్రానికి. దున్నేటప్పుడు చేను చివర బండిని తక్కువ జాగాలో తిప్పడానికి ఇలా పెట్టారు. ఒక పక్క పెడల్ మాత్రమే తొక్కితే ఆ చక్రం ఆగుతుంది, రెండో పక్కది తిరుగుతుంది, బండి ఆగిన చక్రం చుట్టూ మలుగుతుంది. పొలంలో ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే రోడ్డెక్కే ముందు ఈ రెండు పెడళ్లనూ కలిపే చిన్న లాక్ ఒకటి ఉంటుంది, అది వేయాలి. వేలెడంత ఇనుప ముక్క. అది వేయకుండా రోడ్డు మీద కంగారులో ఒక్క పెడల్ మీదే కాలు పడిందా, బండి ఆగడానికి బదులు ఒక పక్కకు తిరిగిపోతుంది. పొలం పని ముగించి నేరుగా రోడ్డెక్కే ట్రాక్టర్లలో ఆ లాక్ చూశాను. తీసేసి ఉంటుంది, లేదంటే ఎన్నేళ్లుగానో కదపక తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మీ శాఖ ఇన్‌స్పెక్టర్లు రోడ్డు మీద ట్రాక్టర్‌ను ఆపినప్పుడు కాగితాలు అడుగుతారు. కాగితాలతో పాటు ఆ లాక్ కూడా వేసి చూపించమని అడగాలి. అర నిమిషం పని.

ఇక ట్రాలీలో మనుషులు. సీటు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాలి ఎత్తు డోరు తప్ప ఏ అడ్డూ లేదు. బస్తా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, మనిషి అలా ఉండడు. మలుపులో బండి కుడికి తిరిగితే ట్రాలీలో నిలబడ్డ పాతిక మందీ ఎడమకు ఒరుగుతారు. ఎవరూ కావాలని ఒరగరు. వాళ్ల శరీరాలు ముందున్న దిశలోనే పోవాలని చూస్తాయి, కింద బండి తిరిగిపోతుంది. సరిగ్గా బండి బోల్తా పడే వైపే అంత బరువూ చేరుతుంది. పైగా నిలబడ్డ మనుషుల వల్ల గరిమనాభి, అంటే మొత్తం బరువు ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, పైకి లేస్తుంది. అది ఎంత పైకి లేస్తే బండి అంత తేలిగ్గా పడుతుంది. అందరూ కింద కూర్చుంటే కొంత నయం. పాతిక మంది కూర్చునే జాగా లేకనే నిలబడుతున్నారు.

వేగం గురించి ఒక లెక్క ఇక్కడే చెప్పాలి. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండిని మలుపు లోపలికి లాగడానికి కావలసిన బలం దాని బరువులో ఐదో వంతు. అదే మలుపును 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే ఆ బలం నాలుగింతలై బరువులో ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. మట్టి, ఇసుక పరుచుకున్న కట్ట రోడ్డు మీద టైర్లకు అంత ఘర్షణ దొరకదు. దొరికినా ఎత్తు ట్రాలీ నిలబడదు. డ్రైవర్‌కు మాత్రం వేగం రెట్టింపు అయినట్టే అనిపిస్తుంది, ప్రమాదం నాలుగింతలైనట్టు అనిపించదు. మలుపుల దగ్గర 'నెమ్మదిగా వెళ్లండి' అని బోర్డు పెడితే చాలదని నేననేది ఇందుకే. నెమ్మది అంటే ఎంతో అంకె వేసి రాయాలి.

ట్రాలీ బోల్తా పడకపోయినా సరే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నో గుద్ది ఠక్కున ఆగితే అందులోని 50 కిలోల మనిషి ఆగదు. ఎదురుగా ఉన్న ఇనుప డోరు ఆమెను ఆపుతుంది. సెకనులో పదో వంతు కాలంలో ఆపితే ఆమె ఒంటి మీద పడే బలం నాలుగు క్వింటాళ్ల బస్తాలు మీద వేసినంత. మిర్చి బస్తాలు మోసే మనుషులకు ఈ అంకె ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కాల్వ కట్ట గురించి కూడా ఒక మాట. చక్రం నేలను ఎంత బలంతో నొక్కితే నేల చక్రాన్ని అంతే బలంతో పైకి నెట్టాలి, అదే మూడో నియమం. గట్టి రోడ్డు ఆ పని చేస్తుంది. నీళ్లు పారుతున్న కాల్వ అంచున నానిన మట్టి చేయలేదు, విరిగిపోతుంది. ఎదురుగా బండి వస్తే పక్కకు జరగడానికి ఆ అంచు తప్ప ఇంకేం లేదు. కట్టలు నీటిపారుదల శాఖ కిందికి వస్తాయని నాకు తెలుసు. కూలీల బండ్లు తిరిగే కట్టల మీద మలుపుల దగ్గరైనా రక్షణ గోడ కట్టమని మీరు ఆ శాఖను అడగొచ్చు. ఒక మంత్రి అడగడానికీ ఒక టీచర్ అడగడానికీ తేడా ఉంటుంది కదా సార్.

రాత్రిళ్లు ఇంకో గండం. టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిన ట్రాలీకి వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కర్ ఉండదు, చాలావాటికి నంబర్ ప్లేటే ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు డ్రైవర్ దాన్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒకటిన్నర సెకన్లు పడితే బండి 33 మీటర్లు వచ్చేస్తుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 36 మీటర్లు. మొత్తం 70 మీటర్ల దాకా. లైటు డిమ్‌లో ఉన్నప్పుడు వెలుతురు అంత దూరం సరిగా పడదు. అంటే ట్రాలీ కళ్లబడేసరికే ఆలస్యమై ఉంటుంది, ఎంత మంచి డ్రైవరైనా సరే. రేడియం టేపు అంతకంటే చాలా దూరం నుంచే మెరుస్తుంది. ఒక ట్రాలీకి అయ్యే టేపు ఖర్చు ఒక రోజు కూలికి మించదు. మార్కెట్ యార్డుకు వచ్చిన ప్రతి ట్రాలీకి గేటు దగ్గరే టేపు అంటించి పంపితే రెండు సీజన్లలో జిల్లాలో టేపు లేని ట్రాలీ ఉండదు.

ఇన్ని చెప్పాను కాబట్టి ట్రాలీలో కూలీలను ఎక్కించడం పూర్తిగా ఆపించండి అంటానని మీరు అనుకోవచ్చు. చట్టప్రకారం అది ఇప్పటికే తప్పు. సరుకు మోసే బండిలో మనుషులను తీసుకుపోకూడదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కుటుంబం ఇరుక్కునేదీ అక్కడే. అయినా ఎందుకు ఎక్కుతున్నారు? ఆరు గంటలకల్లా చేలో ఉండాలి, చేను పది పదిహేను కిలోమీటర్ల అవతల వేరే ఊళ్లో ఉంటుంది. రైతు పంపిన ట్రాలీ తప్ప ఆ టైముకు ఆ దారిలో ఇంకేదీ రాదు. ఏదైనా పెద్ద ప్రమాదం జరిగిన వారం పోలీసులు ట్రాలీలు ఆపుతారు. ఆ వారం ఈ ఆడవాళ్లకు కూలి పోతుంది. మళ్లీ వారం అందరూ అదే ట్రాలీ ఎక్కుతారు. 2019 కేంద్ర సవరణ చట్టం ప్రయాణికుల బండిలో అదనంగా ఎక్కించిన ఒక్కొక్కరికి 200 రూపాయల జరిమానా పెట్టింది. మా దారుల్లో ఆటోలు ఇప్పటికీ డ్రైవర్‌కు అటూ ఇటూ మనుషులను కూర్చోబెట్టుకునే తిరుగుతున్నాయి. వేరే దారి చూపకుండా వేసే జరిమానా చివరికి కూలీ మనిషి చార్జీలోనే కలుస్తుంది.

ఆ వేరే దారి మీ దగ్గరే ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చారు. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ పథకం గురించి సంతోషంగా మాట్లాడతారు, ఆస్పత్రికీ గుళ్లకూ పుట్టింటికీ పోయొస్తున్నారు. కానీ కూలికి పోయే టైముకు బస్సు రాదు. పొద్దున మొదటి బస్సు వచ్చేసరికి వాళ్లు చేలో ఒక మునుం సగం ఏరి ఉంటారు. జీరో టికెట్ హక్కు ఉన్న మనిషి బ్రేకుల్లేని ట్రాలీలో నిలబడి పోవడం నాకు చాలా బాధగా ఉంది.

నేను అడిగేది ఇది. మిర్చి, పత్తి, నాట్ల సీజన్లలో కూలీలు ఎక్కువగా కదిలే దారులు ప్రతి డిపో మేనేజర్‌కూ తెలుసు, తెలియకపోతే ఊళ్లోని కూలీల మేస్త్రీలు గంటలో చెప్తారు. ఆ దారుల్లో తెల్లవారుజామున ఐదు గంటలకు ఒక బస్సు, సాయంత్రం తిరిగి రావడానికి ఒక బస్సు. పెద్ద బస్సు తిరగలేని చోట్ల మినీ బస్సు. సీట్లకు మించి ఎక్కించకుండా రెండో ట్రిప్పు వేయాలి. కొండగట్టులో యాభై పైచిలుకు సీట్ల బస్సులో వంద మంది దాకా ఉన్నారు. దిగుడులో మనుషుల బరువు పెరిగిన కొద్దీ బ్రేకులు మింగాల్సిన శక్తి పెరుగుతూనే ఉంటుంది, అది వేడిగా మారి బ్రేకులనే బలహీనం చేస్తుంది. ఉచిత బస్సుల్లో రద్దీ పెరిగిన ఈ రోజుల్లో ఆ సంగతి మీ డిపోలు ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ట్రాలీలకు బ్రేకులు పెట్టించడం కూడా సాధ్యమే. ట్రాక్టర్ నెమ్మదించినప్పుడు ట్రాలీ ముందుకు తోస్తుందని చెప్పాను కదా, ఆ తోపుడుతోనే ట్రాలీ చక్రాలకు బ్రేకు పట్టేలా చేసే కొక్కేలు ఉన్నాయి. ఇంజన్ నుంచి గొట్టాలు లాగక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కొత్తగా అమ్మే ప్రతి ట్రాలీకి బ్రేకులు ఉంటేనే రిజిస్ట్రేషన్ చేయండి. పాతవాటికి పెట్టించుకునే రైతుకు సబ్సిడీ ఇవ్వండి. రైతుల మీద ఈ భారం వేయకండి, వాళ్లు ట్రాలీ కొన్నప్పుడు బ్రేకుల్లేని ట్రాలీ తప్ప ఇంకోటి ఎవరూ చూపించలేదు.

మా స్కూల్లో ఒక పిల్ల గమన నియమాలు పాఠం అయ్యాక నన్ను అడిగింది, "టీచర్, అయితే మా అమ్మ ట్రాలీలో ఏ పక్కన కూచోవాలె?" అని. మధ్యలో, కింద, ముందు డోరుకు వీపు ఆనించి కూర్చోమని చెప్పాను. నా చేతిలో ఉన్నది అంతవరకే.

ఈసారి మిర్చి ఏరడం మొదలయ్యే జనవరిలోపు, కనీసం నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం డిపోల్లోనైనా ఐదు గంటల బస్సులు ఏ దారుల్లో వేస్తారో ప్రకటించండి. మా మండలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంతమంది పోతారో పిల్లలతో రాయించి ఇవ్వడానికి నేను సిద్ధం.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్లగొండ జిల్లా