సెట్‌టాప్ బాక్స్ అక్కర్లేదని అమ్మిన టీవీ గురించి ఫిర్యాదు

చెన్నై,
10 నవంబరు 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ‘సెట్‌టాప్ బాక్స్ అక్కర్లేదు’ అని చెప్పి 43 అంగుళాల టీవీ అమ్మడం, అందువల్ల అయిన ఖర్చు వాపసు.

నమస్కారం.

అక్టోబరు 12 ఆదివారం నాడు పురసవాక్కంలోని ఒక షోరూములో మీ కంపెనీ 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నాను. సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, దీపావళి లోపే పాతది మార్చేద్దామనుకున్నాం. బిల్లు కాపీ జత చేశాను, మోడల్ నంబరు అందులోనే ఉంది. ముందే చెప్తున్నాను, బొమ్మకు గానీ సౌండుకు గానీ నేను వంక పెట్టడం లేదు. మీ వాళ్లు నాకు పంపిన జవాబు చదివితే నా ఫిర్యాదేమిటో వాళ్లకు అర్థమైనట్టు లేదు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

షోరూములో మీ టీవీలు రెండు పక్కపక్కనే పెట్టారు. సైజు ఒకటే, స్క్రీను ఒకటే. రెండోదాని ధర 4,500 రూపాయలు ఎక్కువ, ఎందుకంటే డిష్షు సిగ్నల్‌ను తిన్నగా పట్టుకునే శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉందట. దాని నెత్తిన మీ కంపెనీ బొమ్మతో ఒక అట్ట తగిలించి ఉంది: ‘డిజిటల్ ట్యూనర్ లోపలే ఉంది. సెట్‌టాప్ బాక్స్ అక్కర్లేదు.’ రెండిట్లో ఏది తీసుకోమంటావని నెల్లూరులో ఉన్న మా అక్కను అడగడానికి ఆ అట్టతో సహా ఫొటో తీసి పంపాను. ఆ ఫొటో కూడా జత చేశాను.

అమ్మిన కుర్రాడిది నాయుడుపేట. నేను అమ్మతో మాట్లాడుతుంటే విని తెలుగులో పలకరించాడు. “ఇంకెందుకన్నా ఆ డబ్బా? ఒక వైరు, ఒక రిమోటు, అంతే. నెలనెలా రీచార్జి టెన్షన్ కూడా ఉండదు” అన్నాడు. మా అమ్మ చూసే తెలుగు చానెళ్లన్నీ వస్తాయా అని అడిగాను. “మిద్దె మీద డిష్షుంది కదన్నా, అన్నీ వస్తాయి” అన్నాడు.

ఒక రిమోటు అన్న మాటకే నేను పడిపోయాను. మా అమ్మకు 74 ఏళ్లు. రెండు రిమోట్లలో ఏది టీవీదో ఏది డబ్బాదో కనుక్కునేలోపు తప్పు బటన్ నొక్కుతుంది, తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తుంది, గిండీలో ఆఫీసులో ఉన్న నాకు ఫోను వస్తుంది. వారానికి రెండుమూడు సార్లు ఇదే తంతు. ఆ ఫోన్లు తప్పుతాయంటే 4,500 ఎక్కువేం కాదనిపించింది. పాత టీవీని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. డీటీహెచ్ బాక్సుతో మనకిక పనేముందని ఆ కుర్రాడన్నాడని, దాన్ని కూడా పాత టీవీ వెంటే పంపేశాను.

14వ తేదీన బిగించారు. మిద్దె మీది డిష్షు నుంచి వచ్చే వైరును తిన్నగా టీవీ వెనక గుచ్చి, మెనూలో ఆంటెన్నా, కేబుల్, శాటిలైట్ అని మూడుంటే శాటిలైట్ ఎంచి, స్కాన్ పెట్టారు. అంకె ఎక్కుతూ పోయింది. వంద, రెండొందలు, నాలుగొందలు. తనకు తెలిసిన పేర్లన్నీ వరసగా వస్తుంటే అమ్మ కళ్లజోడు సరిచేసుకుని ముందుకు జరిగి కూర్చుంది. స్కాన్ అయ్యాక తన చానెల్ నొక్కింది. నల్లటి తెర, మధ్యలో ‘స్క్రాంబుల్డ్’ అని ఒక చిన్న ముక్క. పైది నొక్కితే అదే, కిందిది నొక్కినా అదే. ఓ ఇరవై చానెళ్లు తిప్పి రిమోటు నా చేతిలో పెట్టి, “ఏరా, పేర్లన్నీ ఉన్నాయి, మనుషులేరీ?” అంది.

మీ టోల్‌ఫ్రీ నంబరుకు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు, చేశాను. చేసిన ప్రతిసారీ వైఫై పాస్‌వర్డ్ మొదలు అన్నీ కొత్తగా కొట్టుకోవాల్సి వచ్చింది. మూడోసారి మాట్లాడినామె ఇది డీటీహెచ్ వాళ్ల తప్పని తేల్చింది. వాళ్లకు చేస్తే “మీ బాక్స్ ఆన్‌లో లేదు సార్” అన్నారు. ఉంటేగా!

18న మీ టెక్నీషియన్ వచ్చాడు. విజిట్ చార్జి 500, జీఎస్టీతో 590 తీసుకున్నాడు. అయితే నాకు నిజం చెప్పింది అతనొక్కడే. మిద్దె మీదికి తీసుకెళ్లి, నట్టు వదులు చేసి డిష్షును ఆగ్నేయం వైపు తిప్పాడు. నెలనెలా డబ్బు కట్టకుండా చూసే దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది, చెన్నై నుంచి చూస్తే అటే. (ఆగ్నేయంలో పొయ్యి ఉండాలని వాస్తు వాళ్లు చెప్పగా విన్నాను గానీ డిష్షు సంగతి అప్పుడే తెలిసింది.) కిందికొచ్చి మళ్లీ స్కాన్ పెడితే సప్తగిరి వచ్చింది, యాదగిరి వచ్చింది. అద్దంలా ఉంది బొమ్మ. “ట్యూనర్ బ్రహ్మాండంగా ఉంది సార్. కాకపోతే ఇది ఫ్రీ డిష్‌కే. డబ్బు కట్టి చూసే చానెళ్లకు బాక్స్ ఉండాల్సిందే” అన్నాడు. ఈ ముక్క ఆ అట్ట మీద ఉండి ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్నే కాదు.

సిగ్నల్ పట్టుకోవడం వేరు, దాని తాళం తీయడం వేరని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. మీ ట్యూనర్ మొదటి పని చేస్తుంది. పే చానెళ్లకు కంపెనీలు తాళం వేసి పంపుతాయి, ఏ కంపెనీ తాళంచెవి ఆ కంపెనీ బాక్సులోనే ఉంటుంది. బాక్స్ తీసేస్తే చెవి కూడా పోయినట్టే. కేబుల్ కనెక్షన్ తీసుకున్నా తేడా ఉండేది కాదు. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి, ప్రసారాలు డిజిటల్‌లో, తాళంతోనే ఇవ్వాలన్నారు. మొదటి విడత నాలుగు మహానగరాల్లో చెన్నై ఒకటి, గడువు 2012 అక్టోబరు 31. టీవీ మెనూలో ‘కేబుల్’ అని కనిపించినంత మాత్రాన మా వీధి కేబుల్ ఆపరేటరు బాక్స్ లేకుండా చానెళ్లివ్వలేడు.

2023 జనవరిలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్లు శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకు ఒక ప్రమాణం ప్రకటించారు. మంచిదే. డిష్షు పెట్టుకుంటే చాలు, ఉచిత చానెళ్లకు వేరే డబ్బా కొనక్కర్లేదన్నది దాని ఉద్దేశం. ‘ఉచిత చానెళ్లకు’ అన్న మాట ఎగరగొట్టి మిగతాది అట్ట మీద అచ్చేశారు మీరు. మీ యూజర్ మాన్యువల్‌లో మాత్రం ఆ మాట ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మాన్యువల్ పెట్టెలో ఉంటుంది, పెట్టె డబ్బులు కట్టాకే విప్పుతారు.

ఇందులో కొంత తప్పు నాది కూడా. సెట్‌టాప్ బాక్స్ అంటే ఏమిటో చెన్నైవాళ్లకు మిగతా దేశం కంటే ముందే తెలుసు. పే చానెళ్లకు బాక్స్ తప్పనిసరి చేసే పద్ధతి 2003 సెప్టెంబరులో అమలైంది ఈ ఒక్క ఊళ్లోనే. బాక్సుకు డబ్బు తగలేయనని మా నాన్న భీష్మించుకుంటే, అమ్మ కొన్ని నెలలపాటు ఎదురింటి అక్కవాళ్ల హాల్లో కూర్చుని సీరియల్ చూసొచ్చేది. అంత చూసినవాణ్ని, షోరూములో ఏసీ చల్లదనానికి కాబోలు, తలూపేశాను.

టీవీ వెనక కామన్ ఇంటర్‌ఫేస్ అని ఒక సన్నటి సందు ఉంది, అందులో కార్డు పెడితే సరిపోతుందని మీ కాల్ సెంటర్‌లో ఒకరు చెప్పారు. ఆ కార్డు ఎవరిస్తారో చెప్పలేదు. మా డీటీహెచ్ కంపెనీని అడిగితే అలాంటిది తమ దగ్గర లేదన్నారు. ఏ కంపెనీ చానెళ్లయినా చూసుకునే వీలుండాలని, అందుకోసం టీవీల్లో కూడా ఒక ఓపెన్ పోర్టు పెట్టాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు మా ఇంటిదాకా వచ్చిన రోజున మీ అట్ట తగిలించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నిజం ముందే తెలిసుంటే నేను పక్కనున్న 4,500 తక్కువ టీవీ కొని, పాత బాక్సునే హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించుకునేవాణ్ని. పైసా అదనపు ఖర్చుండేది కాదు. ఫ్రీ డిష్ మాత్రమే చూసే ఇంటికైనా, డిష్షూ బాక్సూ కలిపి రెండు వేలకు అటూ ఇటూగా వస్తుంటే ట్యూనర్ కోసం 4,500 పెట్టమని నేనైతే చెప్పను. ఒకే రిమోటు కావాలనుకునేవాళ్లు పెట్టుకుంటారేమో, అది వాళ్లిష్టం. ఏది దేనికి పనికొస్తుందో ముందు చెప్పాలి కదా.

చివరికి 23న కొత్త డీటీహెచ్ కనెక్షన్ తీసుకున్నాను, 1,800 అయింది. తొమ్మిది రోజులు, అందులో దీపావళి కూడా, అమ్మ తన చానెల్ లేకుండా గడిపింది. ఇప్పుడు మా హాల్లో మళ్లీ డబ్బా ఉంది, రెండు రిమోట్లున్నాయి, ఆఫీసుకు ఫోన్లు వస్తున్నాయి. మిద్దె మీద రెండో డిష్షెందుకని అసోసియేషన్ సెక్రటరీ అడుగుతున్నాడు.

‘ఉత్పత్తిలో లోపం లేనందున ఫిర్యాదును ముగించాం’ అని అక్టోబరు 27న మీ ఈమెయిల్ వచ్చింది. ఉత్పత్తిలో లోపముందని నేనెక్కడ అన్నాను? మీరు చెప్పిన మాటలో ఉంది లోపం. వస్తువులో లేని ఉపయోగం ఉందని చెప్పి అమ్మడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

కాబట్టి నాకు రావలసింది ఇది: రెండు మోడళ్ల మధ్య తేడా 4,500, కొత్త కనెక్షన్‌కు 1,800, విజిట్ చార్జి 590, మొత్తం 6,890 రూపాయలు. టీవీ వెనక్కి తీసుకోవద్దు. దాని జోలికి మళ్లీ వెళ్లే ఓపిక మాకు లేదు. రెండోది, ఆ అట్ట మీద ‘ఉచిత చానెళ్లకు మాత్రమే’ అన్న మాట అదే సైజు అక్షరాల్లో వేయించండి, తమిళంలో కూడా. ఆ నాయుడుపేట కుర్రాడి మీద మాత్రం చర్య తీసుకోవద్దు. మీరు నేర్పిందే అతను చెప్పాడు, అట్ట రాసింది అతను కాదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, నేనుండే ఊళ్లోనే వేసుకోవచ్చు.

బిల్లులో ఇచ్చింది ఇంటి ఫోను నంబరు. చేస్తే సాయంత్రం ఏడు దాటాక చేయండి. అంతకుముందు చేస్తే అమ్మ ఎత్తుతుంది. ఆవిడతో మాత్రం ఫ్యాక్టరీ రీసెట్ మాట అనకండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
పెరంబూరు, చెన్నై

జతపరిచినవి: బిల్లు కాపీ, షోరూములోని అట్ట ఫొటో, విజిట్ చార్జి రసీదు, కొత్త కనెక్షన్ రసీదు, మీ ఈమెయిల్ ప్రింటు.